ఖాళీ గ్లాసులో ఏముంది? పసిపిల్లలకు ప్రయోగాలతో గాలి పాఠం

కోనసీమ పిల్లలకు గాలి గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుంది అనిపిస్తుంది. కొబ్బరి మట్టలు ఊగడం, వరిచేల మీద గాలి అలలుగా సాగడం, ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి చల్లగాలి తిరగడం, ఇవన్నీ వాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నవే. అయినా ఐదేళ్ళ పిల్లవాడి చేతికి ఒట్టి గ్లాసు ఇచ్చి "ఇందులో ఏముంది నాన్నా?" అని అడిగి చూడండి. "ఏమీ లేదు" అంటాడు. వీస్తేనే గాలి, వీయకపోతే లేదు. ఆ వయసులో లెక్క అదే.

ఆ లెక్క మారడానికి ఉపన్యాసం పనికిరాదు. గాలి చోటు ఆక్రమిస్తుంది, తోస్తుంది, బరువు తూగుతుంది, వేడికి ఉబ్బుతుంది, నీళ్ళలో కరుగుతుంది. ఈ వరుసలోనే ప్రయోగాలు చేయిస్తే ఒకటి చూశాక పుట్టిన ప్రశ్నకు తర్వాతిది జవాబు చెబుతుంది. వరుస తప్పించి, ముందే మంత్రం వేసినట్టు నీళ్ళ గ్లాసు తలకిందులు చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు తప్ప ఏమీ నేర్చుకోరు.

మొదలుపెట్టే ముందు

కావలసినవన్నీ ఇంట్లో ఉండేవే. రెండు గాజు గ్లాసులు, మూతలున్న మూడు నాలుగు ప్లాస్టిక్ సీసాలు, బెలూన్లు, స్ట్రాలు, పాత దినపత్రికలు, ఒక పోస్టుకార్డు, సూది, టేపు, సైకిల్ పంపు. నీళ్ళకు మాత్రం అడుగు లోతున్న పారదర్శకమైన ప్లాస్టిక్ తొట్టి సంపాదించండి. స్టీలు బక్కెట్టులో చేస్తే అసలు చూడవలసినది కనబడదు.

నాలుగేళ్ళు నిండిన పిల్లలు మొదటి రెండు మూడు ప్రయోగాలు సొంతంగా చేయగలరు. వేడినీళ్ళు, నిప్పు, సున్నం ఉన్నవాటిని ఆరేడేళ్ళు దాటినవాళ్ళకు చూపించండి. అప్పుడు కూడా చేసేది పెద్దవాళ్ళే. బెలూను పగిలితే ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ప్లాస్టిక్ సంచితో గాలి పట్టే ఆట ఆడించేటప్పుడు అది ఎవరి తలమీదికీ వెళ్ళకుండా చూడాలి. ఇంకొకటి, మన ఊళ్ళలో ఇంటి ముందు పంటకాలువ, వెనక చెరువు. "నీళ్ళ ప్రయోగం కదా" అని గట్టు మీద కూర్చోబెట్టకండి. అరుగు మీద తొట్టి పెట్టుకోండి, అయిపోయాక తొట్టిలో నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పారబోయండి. నీళ్ళున్న తొట్టిని పసిపిల్లల మధ్య వదిలి లోపలికి వెళ్ళకూడదు.

ఇక బోధన పద్ధతి. ప్రతి ప్రయోగానికీ ముందు పందెం కట్టించాలి. పిల్లలకు తలా ఒక చింతపిక్క ఇవ్వండి, రెండు గిన్నెలు పెట్టండి. "కాగితం తడుస్తుంది" అనేవాళ్ళు ఒక గిన్నెలో, "తడవదు" అనేవాళ్ళు రెండో దాంట్లో పిక్క వేయాలి. ఒకసారి పిక్క వేశాక ఆ ప్రయోగం వాళ్ళ సొంతం అవుతుంది, కళ్ళు తిప్పరు. గెలిచినవాళ్ళకు బహుమతి మాత్రం వద్దు. బహుమతి ఉందని తెలిస్తే పిల్లలు గ్లాసు వైపు చూడరు, మీ ముఖం వైపు చూసి మీరు కోరుకునే జవాబు చెబుతారు. ఒక పూటకు ఒకటే ప్రయోగం చాలు. "మళ్ళీ చేద్దాం" అంటే మళ్ళీ చేయనివ్వండి, పది సార్లైనా సరే. వాతావరణ పీడనం లాంటి పెద్ద మాటలు పుస్తకంలో ఎప్పుడో ఎదురవుతాయి, వాటికి తొందర లేదు.

తడవని కాగితం

1. దినపత్రిక ముక్కను ఉండచుట్టి గాజు గ్లాసు అడుగున బిగుతుగా కుక్కండి. గ్లాసు బోర్లించినా అది జారకూడదు.

2. "దీన్ని బోర్లించి నీళ్ళలో ముంచితే కాగితం ఏమవుతుంది?" అని అడిగి పిక్కలు వేయించండి. ఎక్కువమంది "తడుస్తుంది" గిన్నెలోనే వేస్తారు.

3. గ్లాసును బోర్లించి, ఏ మాత్రం వంచకుండా తొట్టి అడుగుదాకా దించండి. పిల్లలు పది లెక్కపెట్టేదాకా అక్కడే పట్టుకోండి.

4. అంతే నిటారుగా పైకి తీయండి. అంచును గుడ్డతో తుడిచాకే తిప్పండి, లేకపోతే అంచున ఉన్న నీటిబొట్టు కాగితం మీద పడి పాఠం పాడవుతుంది. కాగితాన్ని ఒక పిల్ల చేతే తీయించండి.

కాగితం పొడిగా ఉంటుంది. "ఎందుకు?" అని వెంటనే అడగకండి. గ్లాసును మళ్ళీ ముంచి ఈసారి కొంచెం పక్కకు వంచండి. బుడబుడమంటూ బుడగలు పైకి వస్తాయి, నీళ్ళు లోపలికి ఎక్కుతాయి, కాగితం తడిసిపోతుంది. "ఆ బుడగలు ఎక్కడి నుంచి వచ్చాయి?" ఈ ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. గ్లాసులో ముందే ఏదో ఉండి చోటు పట్టుకుందని, అది బయటికి పోతే గానీ నీళ్ళు ఎక్కలేదని పిల్లల్లో ఎవరో ఒకరు వాళ్ళ మాటల్లో చెప్పేదాకా ఆగాలి. ఆ రోజు ఎవరూ చెప్పకపోయినా ఫరవాలేదు.

జాగ్రత్తగా చూసే పిల్ల ఒకతె "గ్లాసులోకి కొంచెం నీళ్ళు వచ్చాయి కదా" అనవచ్చు. అది నిజమే. నీళ్ళ లోతుకు లోపలి గాలి కాస్త నలుగుతుంది. అందుకే కాగితాన్ని అడుగుదాకా కుక్కమన్నది. ఆ పిల్లను మెచ్చుకోండి, "ఏమీ రాలేదులే" అని కొట్టిపారేయకండి.

ఇదే ప్రయోగాన్ని కాగితం పడవతో చేస్తే చిన్నవాళ్ళకు ఇంకా బాగా పడుతుంది. తొట్టిలో చిన్న పడవ వదిలి, దానిమీద గ్లాసు బోర్లించి కిందికి నొక్కండి. పడవ గ్లాసులోని గాలితో పాటు తొట్టి అడుగుకు దిగుతుంది, మునగదు.

ఆ తర్వాత గాలిని ఒక గ్లాసు నుంచి ఇంకొక గ్లాసులోకి పోయించండి. ఒక గ్లాసును నీళ్ళలో పూర్తిగా ముంచి నింపి, మూతి కిందికి ఉండేలా పట్టుకోవాలి. రెండో గ్లాసును గాలితోనే బోర్లించి దించి, మొదటి గ్లాసు మూతి కిందికి తెచ్చి మెల్లగా వంచాలి. బుడగలు పైగ్లాసులోకి ఎక్కుతాయి, అందులోని నీళ్ళు దిగిపోతాయి. పాలు పైనుంచి కిందికి పోస్తాం, నీళ్ళలో గాలిని మాత్రం కిందినుంచి పైకి పోయాలి. ఈ మాట చెప్పాక పిల్లలను తొట్టి దగ్గరి నుంచి లేపడం కష్టం.

తోసే గాలి

లీటరు సీసా అడుగు కోసేయండి, కోసిన అంచుకు టేపు అంటించండి. మూత బిగించి, కోసిన వైపు కిందికి పెట్టి నీళ్ళలోకి నొక్కమని పిల్లలకు ఇవ్వండి. చేతికి ఎదురు తోపు తెలుస్తుంది. ఇప్పుడు సీసా అలాగే ఉండగా మూత తీయించండి. బుస్సుమని గాలి బయటికి వస్తుంది, సీసాలోకి నీళ్ళు ఎక్కుతాయి. మూతి దగ్గర చెంప పెడితే గాలి తగులుతుంది. సన్నని కాగితం పీలిక పట్టుకుంటే రెపరెపలాడుతుంది. మొదటి ప్రయోగం కంటితో చూసినది, ఇది చేతికీ చెంపకీ తగిలేది. నాలుగేళ్ళవాళ్ళకు ఇదే ముందు చేయించినా తప్పులేదు.

నా లెక్కలో మొత్తం వరుసలో గొప్ప ప్రయోగం తర్వాతది. సీసాలోకి బెలూను వేలాడదీసి, దాని మూతిని సీసా మూతికి తొడగండి. "ఊదు" అనండి. బుగ్గలు ఎర్రబడతాయి గానీ బెలూను ఉబ్బదు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత కూడా ఊదించండి, ఎవరి వల్లా కాదు. ఎవరి బెలూను వాళ్ళకే ఉండాలి, ఎంగిలి ఊదించవద్దు. ఇప్పుడు ఇంకొక సీసా తీసుకుని అడుగు దగ్గర సూదిని వేడి చేసి చిన్న చిల్లు పెట్టండి. ఈ పని మీదే. ఇందులో బెలూను తొడిగి ఊదితే చక్కగా ఉబ్బుతుంది. చిల్లు దగ్గర వేలు పెట్టి చూడమంటే బయటికి పోతున్న గాలి తగులుతుంది. సీసాలో ముందే ఉన్న గాలికి దారి దొరికింది కాబట్టే బెలూనుకు చోటు దొరికిందని పిల్లలకు అర్థమవుతుంది.

అక్కడితో ఆపకండి. ఉబ్బిన బెలూనుతో ఉండగానే చిల్లును వేలితో మూసి నోరు తీసేయండి. బెలూను మూతి బార్లా తెరిచే ఉంటుంది, అయినా గాలి పోదు. వేలు తీస్తే చటుక్కున ముడుచుకుంటుంది. మూతి తెరిచి ఉన్న బెలూనులోకి బయటి గాలి తోసుకుని కూర్చుంది, సీసా లోపల దాన్ని తిరిగి నెట్టేంత గాలి లేదు. పెద్ద పిల్లలు దీనిమీద చాలాసేపు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

నీళ్ళను ఆపే గాలి

స్ట్రాను నీళ్ళలో ముంచి, పై చివర బొటనవేలితో మూసి పైకి తీస్తే నీళ్ళు అందులోనే ఉండిపోతాయి. వేలు తీస్తే పడిపోతాయి. స్ట్రా లేకపోతే బొప్పాయి ఆకు కాడ చాలు, లోపల బోలుగానే ఉంటుంది. కోసినప్పుడు కారే పాలు పోయేలా బాగా కడగాలి, నోట్లో పెట్టుకోనివ్వకూడదు.

దీని పెద్ద రూపం చిల్లుల సీసా. గట్టి ప్లాస్టిక్ సీసాకు అడుగు దగ్గర నాలుగైదు సన్నని చిల్లులు పెట్టండి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద అయితే పై చిల్లు నుంచి గాలి దూరి కింది చిల్లు నుంచి నీళ్ళు కారతాయి, ప్రయోగం చెడుతుంది. నీళ్ళలో ముంచి నింపి, మూత బిగించి పైకి తీయండి. చిల్లులున్నా నీళ్ళు కారవు. మూత వదులు చేస్తే వాన కురుస్తుంది, బిగిస్తే ఆగుతుంది. సీసాను నొక్కకుండా మెడ దగ్గర పట్టుకోమని చెప్పండి.

మన ఇళ్ళలో దీనికి జంటగా కొబ్బరికాయ ఉంది. పీచు తీసిన కాయకు మూడు కళ్ళుంటాయి, వాటిలో ఒక్కటే మెత్తన. దాన్ని పొడిచి కాయను బోర్లిస్తే నీళ్ళు ధారగా రావు, గుటక గుటకగా వస్తాయి. ఒక గుటక నీళ్ళు బయటికి, ఒక బుడగ గాలి లోపలికి. ఆ చప్పుడును చెవి దగ్గర పెట్టి వినిపించండి. నూనె డబ్బాకు అమ్మ ఒక పక్క చిల్లు పెట్టాక రెండో పక్క ఇంకొక చిల్లు ఎందుకు పెడుతుందో అప్పుడు అడగండి.

ఇన్ని చూశాక పోస్టుకార్డు ప్రయోగం. గ్లాసును అంచుదాకా నీళ్ళతో నింపి, పైన పోస్టుకార్డు పెట్టి, అరచేత్తో అదిమి, తొట్టి మీదుగా తలకిందులు చేసి, మెల్లగా చెయ్యి తీయండి. కార్డు అలాగే ఉండిపోతుంది. చిన్నవాళ్ళకు "గాలి కిందినుంచి పైకి కూడా తోస్తుంది" అంటే చాలు. కాస్త పెద్దవాళ్ళకు లెక్క చెప్పవచ్చు. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. గ్లాసు మూతి 7 సెంటీమీటర్ల వెడల్పుంటే ఆ కార్డు మీద గాలి తోపు దాదాపు 40 కిలోలు. లోపలి నీళ్ళు పావుకిలో. పావుకిలో ఎందుకు పడలేదన్న ప్రశ్న ఇక ఉండదు. అంచు దగ్గర నీటి తడి కార్డును అంటిపెట్టుకుని గాలి దూరకుండా చూస్తుంది, అది కూడా కావలసినదే.

"మరి మనల్ని ఎందుకు నలిపేయదు తాతయ్యా?" అని అడుగుతారు. అడగాలి కూడా. అన్ని వైపుల నుంచీ సమానంగా తోస్తుంది, మన ఒంట్లోని గాలి, నీరు కూడా అంతే బలంగా లోపలి నుంచి ఎదురు తోస్తాయి. అందుకే మనకు తెలియదు.

ఇక్కడ పెద్దవాళ్ళ కోసం ఒక ముక్క. మన దొడ్లో చేతిపంపు నీళ్ళను "లాగుతుంది" అంటాం. అది చేసేది గొట్టంలోని గాలిని తీసేయడమే. నీళ్ళను గొట్టంలోకి తోసేది బయటి గాలి. ఆ తోపుకు హద్దు ఉంది. ఎంత మంచి పంపు అయినా సుమారు 10 మీటర్లకు మించి నీళ్ళు పైకి ఎక్కవు, వాడుకలో ఏడు మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఇటలీలో పంపులు చేసేవాళ్ళకు ఈ 10 మీటర్ల చిక్కు ఎదురైంది. 1643లో టొరిచెల్లీ అనే శాస్త్రవేత్త నీళ్ళకు బదులు పాదరసం వాడి, గాలి దాన్ని 76 సెంటీమీటర్ల ఎత్తుకే నిలబెట్టగలదని చూపించాడు. డెల్టాలో చాలాచోట్ల భూగర్భ జలం పైనే ఉంటుంది కాబట్టి మామూలు చేతిపంపు సరిపోయింది. మెట్ట ప్రాంతంలో లోతు బోరులోకి మోటారునే దించవలసి వచ్చింది.

గాలిని తూచడం

కర్రకు రెండు చివర్లా రెండు బెలూన్లు కట్టి, ఒకటి పగలగొట్టి "చూశారా, గాలికి బరువుంది" అని చూపించే ప్రయోగం అందరికీ తెలుసు. నాకు అది నచ్చదు. బెలూను గాలిలోనే తేలుతూ ఉంటుంది కాబట్టి లోపలి గాలి బరువులో చాలా భాగం కాటాకు తెలియదు. బెలూను రబ్బరు నొక్కడం వల్ల కాస్త ఎక్కువగా కుక్కుకున్న గాలి బరువే తేడాగా కనబడుతుంది. పగిలిన ముక్క ఎటో ఎగిరిపోతే ఆ తేడా కూడా రబ్బరుదే అవుతుంది.

ఫుట్‌బాల్ నమ్మదగినది. గుండ్రంగానే ఉండి, నొక్కితే కాస్త మెత్తగా తగిలేటంత గాలితో ముందు తూచండి. ఒక గ్రాము దాకా చూపించే వంటింటి డిజిటల్ కాటా కావాలి, ఇంట్లో లేకపోతే వీధి చివర మిఠాయి దుకాణంలో అడగండి. బంతి దొర్లకుండా కాటా మీద చిన్న గిన్నె పెట్టి, దానిమీద బంతిని ఉంచండి. అంకె రాయించండి. తర్వాత సైకిల్ పంపుతో బంతి గట్టిగా రాయిలా అయ్యేదాకా గాలి కొట్టి మళ్ళీ తూచండి. బంతి పరిమాణం పెద్దగా మారదు, బరువు మాత్రం నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. మనం లోపలికి కొట్టింది గాలి తప్ప మరొకటి కాదు.

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళతో గది గాలిని లెక్కకట్టించండి. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు. మూడు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గదిలో 27 ఘనపు మీటర్లు. గుణిస్తే 32 కిలోల పైమాటే, 25 కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువ. "ఏమీ లేదు" అన్న గదిలో.

ఉబ్బే గాలి, తిరిగే గాలి

గాజు సీసాను మూత లేకుండా ఫ్రిజ్‌లో అరగంట ఉంచి తీయండి. మూతి తడిపి, మూతి కన్నా కాస్త పెద్ద నాణేన్ని తడిపి దానిమీద పెట్టండి. పిల్లలు రెండు చేతులతో సీసాను పొదివి పట్టుకోవాలి. కాసేపటికి నాణెం టిక్కుమని ఎగిరి పడుతుంది, మళ్ళీ మళ్ళీ. చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి దారి చూసుకుంటోంది. నాణెం కదలకపోతే అంచున తడి సరిగా లేదన్నమాట. ఫ్రిజ్ లేని ఇంట్లో ఖాళీ సీసా మూతికి బెలూను తొడిగి, ఒకసారి వేడినీళ్ళ గిన్నెలో, ఒకసారి చల్లనీళ్ళలో నిలబెట్టండి. బెలూను లేవడం, వాలడం కనబడుతుంది.

ఉబ్బిన గాలి తేలికై పైకి పోతుంది. కాగితాన్ని చుట్లు చుట్లుగా పాములా కత్తిరించి, నడుమ దారం కట్టి, వెలిగే దీపానికి బాగా ఎత్తులో వేలాడదీస్తే గిరగిర తిరుగుతుంది. మంటకు జానెడు కన్నా దగ్గరికి తేవద్దు, దారం మీ చేతిలోనే ఉండాలి.

ఇది అర్థమైతే సముద్రపు గాలి అర్థమైనట్టే. పగలు ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి. నేల మీది గాలి పైకి లేస్తే ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది, గాలి నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. అంతర్వేది వైపో, ఓడలరేవు వైపో వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఒకసారి, వీలైతే తెల్లవారుజామున ఒకసారి, కర్రకు కట్టిన గుడ్డపీలిక ఎటు ఎగురుతుందో పిల్లల చేత గుర్తు పెట్టించండి. ఊళ్ళోనే ఉన్నా డాబా మీద పీలిక కట్టి వారం పాటు ఉదయం, సాయంత్రం దిక్కు రాయించవచ్చు. వేసవిలో పడమటి గాలి తోలిన రోజు ఎంత ఉక్కిరిబిక్కిరిగా ఉంటుందో, తూర్పుగాలి తిరిగితే ఎలా ఉంటుందో వాళ్ళ రాతలోనే తేలుతుంది. ఇళ్ళలో అమ్మమ్మలను, తాతయ్యలను 1996 నవంబర్ 6 రాత్రి గురించి అడగమనండి. కోనసీమ కొబ్బరితోటలను కూల్చేసిన ఆ తుపాను గురించి వాళ్ళు చెప్పేది ఏ పుస్తకంలోనూ దొరకదు. గాలి మొదట ఏ దిక్కు నుంచి కొట్టింది, తర్వాత ఎటు తిరిగింది అని ప్రత్యేకంగా అడిగించండి.

వీచే గాలితో ఆటలు పిల్లలకే తెలుసు, మీరు నేర్పవలసింది తక్కువ. తాటాకు ముక్కతో గాలిమర చేసి ముల్లు గుచ్చి పరిగెత్తడం, కొబ్బరాకు చుట్టి బూర ఊదడం, సంక్రాంతికి గాలిపటం. ఒక్కొక్క ప్రశ్న చేర్చండి చాలు. గాలి లేని రోజు గాలిమర పట్టుకుని పరిగెత్తితే ఎందుకు తిరుగుతుంది? చేటతో ధాన్యం ఎగరేస్తే తాలు మాత్రమే దూరంగా ఎందుకు పడుతుంది? ఒకే కొలత ఉన్న రెండు కాగితాల్లో ఉండచుట్టినది ముందు ఎందుకు పడుతుంది?

గాలిలో ఏముంది: సున్నపు తేట, కొవ్వొత్తి

పొడిగాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతం లోపు ఆర్గాన్, సుమారు 0.04 శాతం కార్బన్ డై ఆక్సైడ్ ఉంటాయి. ఈ అంకెలు చిన్నపిల్లలకు అక్కర్లేదు. గాలి ఒకే సరుకు కాదని చూపిస్తే చాలు. తాంబూలంలో వేసుకునే సున్నం ఉసిరికాయంత తీసుకుని లీటరు నీళ్ళలో కలిపి, మూతపెట్టి రాత్రంతా తేరనివ్వండి. పైతేట రెండు గ్లాసుల్లో పోయండి. ఒక దాంట్లో స్ట్రాతో మీరే ఊదండి. పిల్లలతో ఊదించకండి, పొరపాటున పీలిస్తే నోరు కాలుతుంది, కంట్లో పడితే ప్రమాదం. పడితే వెంటనే మంచినీళ్ళతో ఆగకుండా కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మీరు ఊదిన గ్లాసు పాలలా తెల్లబడుతుంది. రెండో గ్లాసును ఊరికే వదిలేస్తే దానిమీద మెల్లగా తెల్లని పొర కడుతుంది. తేటను తెల్లబరిచేది కార్బన్ డై ఆక్సైడ్. మన ఊపిరిలో ఎక్కువగా ఉన్న అదే బయటి గాలిలో కొంచెంగా ఉంది. గోలీసోడాలో బుడగలు కూడా దానివే.

ఇక కొవ్వొత్తి. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, వెలిగే కొవ్వొత్తి నిలబెట్టి, గ్లాసు బోర్లిస్తే మంట ఆరుతుంది, నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. "ఐదో వంతు ఆక్సిజన్ కాలిపోయింది కాబట్టి ఐదో వంతు నీళ్ళు ఎక్కాయి" అని ఇప్పటికీ చాలాచోట్ల చెబుతున్నారు. ఇది తప్పు. మంట ఆక్సిజన్‌ను వాడుకుంటుంది గానీ దాని చోట కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. గ్లాసులో ఆక్సిజన్ అంతా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది కూడా. నీళ్ళు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంటకు ఉబ్బిన గాలి గ్లాసు దించేటప్పుడే కొంత తప్పించుకుంటుంది, మంట ఆరాక మిగిలింది చల్లారి ముడుచుకుంటుంది, బయటి గాలి నీళ్ళను లోపలికి తోస్తుంది.

దీన్ని నమ్మించనక్కర్లేదు, చూపించవచ్చు. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో గమనించమనండి. మంట ఉన్నప్పుడు కాదు, ఎక్కువ భాగం అది ఆరాకే. తర్వాత అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే, అయినా నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. నాణెం ప్రయోగం గుర్తున్న పిల్లలు కారణం వాళ్ళే చెబుతారు. ఈ ఒక్కటి చాలు, వరుస ఎందుకు ముఖ్యమో మీకూ తెలిసిపోతుంది.

చెరువులో గాలి

నీళ్ళలో గాలి కరిగి ఉంటుందనడం పిల్లలకు వింతగా ఉంటుంది. కుళాయి నీళ్ళు ఒక గాజు గ్లాసులో, మరగకాచి మూతపెట్టి చల్లార్చిన నీళ్ళు ఇంకొక గ్లాసులో పోసి రెండింటినీ గంటసేపు ఎండలో పెట్టండి. మొదటి గ్లాసు గోడకు చిన్న చిన్న బుడగలు పట్టి ఉంటాయి, రెండో దానికి చాలా తక్కువ. వేడెక్కిన నీళ్ళు గాలిని ఎక్కువగా పట్టుకోలేవు, మరగకాచిన నీళ్ళలో గాలి అప్పటికే పోయింది. చేప ఏ గ్లాసులో బతుకుతుందని అడగండి. చేపను తెచ్చి వేయడం మాత్రం వద్దు.

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల పిల్లలకు దీని జవాబు ఇంటి పక్కనే ఉంది. రొయ్యల చెరువుల్లో తెడ్ల చక్రాల ఏరేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయి? పగలు నీళ్ళలోని పచ్చని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది కూడా రొయ్యల్లాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళకు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే, రొయ్యలు గట్టువైపు చేరుతుంటే రైతుకు గుండె దడ. ఏరేటరు నీళ్ళను ఎగజిమ్మి గాలికి తగిలేలా చేస్తుంది, తగిలిన చోట గాలి కరుగుతుంది. ఆ పని చిన్నగా చేసి చూపడానికి చల్లార్చిన నీళ్ళను రెండు సీసాల్లో సగం దాకా పోసి, ఒకదాన్ని మూతపెట్టి బాగా గిలకొట్టండి, రెండోదాన్ని కదపకండి. రెండింటినీ వేరువేరు గ్లాసుల్లోకి మెల్లగా వంచి, గిలకొట్టడం వల్ల లేచిన బుడగలు పోయేదాకా ఆగి, మళ్ళీ ఎండలో పెడితే గిలకొట్టిన నీళ్ళున్న గ్లాసు గోడకే బుడగలు ఎక్కువ పడతాయి.

తెలిసిన రైతు ఉంటే ఒక పొద్దున్నే పిల్లలను తీసుకెళ్ళండి. మబ్బు పట్టిన రోజు ఏరేటర్లు ఎక్కువసేపు ఎందుకు వేస్తారో ఆయననే అడగమనండి. గట్టు మీద చెయ్యి వదలకుండా నిలబడే చూడాలి. నీళ్ళలోకి కరెంటు తీగలు వెళ్ళే చోట కాబట్టి ఏరేటరు దగ్గరికి, స్టార్టరు పెట్టె దగ్గరికి పిల్లలను పోనివ్వకండి.